చిన్న ఊళ్ళో ఏడు గంటల లేఓవర్: బయటికి వెళ్ళొచ్చా, అక్కడే కూర్చోవాలా?

కిటికీ_సీటు అడిగారు:

అందరికీ నమస్తే. వచ్చే నెల అమ్మానాన్నల్ని తీసుకుని ఒక ప్రయాణం పెట్టుకున్నాను. నేరుగా వెళ్ళే ఫ్లైట్ లేదు, మధ్యలో ఒక చిన్న ఊళ్ళో దిగి ఇంకో ఫ్లైట్ ఎక్కాలి. ఉదయం 9:10కి దిగుతాం, తర్వాతది సాయంత్రం 4:05కి. ఏడు గంటలకి ఐదు నిమిషాలు తక్కువ.

పెద్ద ఎయిర్‌పోర్ట్ అయితే అసలు అడిగేవాణ్ణే కాదు, ఈ చివర నుంచి ఆ చివరకి నడిచేసరికే సగం రోజు గడిచిపోతుంది. ఇక్కడ ఫొటోల్లో చూస్తే టెర్మినల్ ఒక మోస్తరు ఫంక్షన్ హాలంత ఉంది. రెండు గేట్లు, ఒక బెల్టు, ఒక కాఫీ కౌంటరు, ఆ ఫొటోలో దానికి కూడా షట్టర్ దించేసి ఉంది. అక్కడ ఏడు గంటలంటే నాకే పిచ్చెక్కుతుంది, ఇక మా అమ్మ సంగతి చెప్పక్కర్లేదు, ఆవిడ ఖాళీగా కూర్చుంటే పక్క సీటువాళ్ళ పిల్లలకి సంబంధాలు చూడటం మొదలుపెడుతుంది. నాన్నకి మోకాళ్ళ నొప్పి. మెట్లు కష్టం, నెమ్మదిగా అయితే ఒక అర కిలోమీటరు నడుస్తారు.

బయటికి వెళ్ళి ఊరు చూసి రావచ్చా? ఈ ఏడు గంటల్లో నిజంగా చేతికొచ్చేది ఎంత? చేతిలో బ్యాగులు ఎక్కడ పెట్టుకోవాలి? వెళ్ళి ఇరుక్కుపోతే ఏంటి పరిస్థితి? రెండు ఫ్లైట్లూ డొమెస్టిక్కే, వీసా గొడవ లేదు. ఇలా చిన్న ఊళ్ళో ఆగినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. గూగుల్‌లో వెతికితే అన్నీ "చూడాల్సిన పది ప్రదేశాలు" అనే లిస్టులే వస్తున్నాయి, వాటిలో నాలుగు ఆ ఊళ్ళోనే లేవు.

చక్రాల_సూట్‌కేస్:

వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి. లేఓవర్‌కి పెద్ద నగరం కన్నా చిన్న ఊరే నయం అని నా అనుభవం. పెద్ద నగరంలో విమానం దిగి రోడ్డెక్కడానికే గంట, ఊళ్ళోకి వెళ్ళడానికి ఇంకో గంటన్నర, అక్కడ ట్రాఫిక్ చూస్తూ "ఇక వెనక్కి పోదాం" అనుకోవడం. చిన్న ఎయిర్‌పోర్ట్‌లో మెట్లు దిగి నడుచుకుంటూ లోపలికి వస్తే, చెకిన్ చేసిన సామాను కోసం ఆగే పని లేకపోతే, పావుగంటలో రోడ్డు మీద ఉంటారు.

కానీ ఏడు గంటలు అని మాత్రం అనుకోకండి. లెక్క ముందు నుంచి కాకుండా వెనక నుంచి వెయ్యాలి. 4:05 అనేది విమానం కదిలే టైము, మీరు ఎక్కే టైము కాదు. గేటు అంతకు ముందే మూసేస్తారు, దాని ముందు సెక్యూరిటీ, దాని ముందు నాన్నగారి నడక. నేనైతే 2:30కల్లా టెర్మినల్ గుమ్మంలో ఉండాలని పెట్టుకుంటాను. ఇటు వైపు 9:10కి దిగితే అందరూ బాత్రూమ్‌కి వెళ్ళొచ్చి, ట్యాక్సీ మాట్లాడుకుని, బయల్దేరేసరికి 9:50. అంటే మీ చేతిలో ఉన్నది 4 గంటల 40 నిమిషాలు. అందులోంచి రానూపోనూ ప్రయాణం తియ్యండి.

ఇక్కడ నాకో చిన్న లెక్క ఉంది. వెళ్ళేటప్పుడు ఎంత టైము పట్టిందో, వచ్చేటప్పుడు దానికి రెట్టింపు పడుతుందని అనుకుని బయల్దేరతాను. వెళ్ళడానికి 20 నిమిషాలైతే తిరిగి రావడానికి 40 తీసి పక్కన పెడతాను. ఏమీ జరక్కపోతే ఎయిర్‌పోర్ట్‌లో ఓ 20 నిమిషాలు ఎక్కువ కూర్చుంటాం, పోయేదేముంది. ఈ లెక్కకి తట్టుకోని చోటు ఎంత అందంగా ఉన్నా వదిలెయ్యాల్సిందే.

అలా చూస్తే మీకు మిగిలేది మూడున్నర గంటల పైచిలుకు. దానికి ఒక్క చోటు ఎంచుకోండి. రెండు కాదు, ఒక్కటే. నీళ్ళున్న చోటయితే మంచిది, చెరువో ఏటి ఒడ్డో, నీడ, కూర్చోడానికి బెంచీ ఉంటే చాలు. రెండో చోటు పెట్టుకున్న క్షణం నుంచి మొదటి చోట కూర్చోవడం మానేసి వాచీ చూసుకోవడం మొదలవుతుంది. నాలుగు చోట్లు చూసొచ్చిన రోజు నాకు ట్యాక్సీ సీటు కవర్ తప్ప ఏమీ గుర్తులేదు.

ఇంకోటి, ముందే మ్యాప్‌లో చూసుకోండి, ఎయిర్‌పోర్ట్ పేరు నమ్మొద్దు. ఊరి పేరు పెట్టుకుని ఊరికి ఆమడ దూరంలో ఉండే ఎయిర్‌పోర్టులు బోలెడు. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్-హాన్ అని ఒకటుంది, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి దాదాపు 120 కిలోమీటర్లు. ప్యారిస్ పేరుతో అమ్మే బోవే ప్యారిస్‌కి 80 కిలోమీటర్ల పైనే. చిన్న ఊళ్ళకి ఇంత అన్యాయం జరగదు కానీ, 30 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు ఉందంటే మీ ప్లాన్ అక్కడితో మారిపోతుంది.

ఒకప్పటి_గ్రౌండ్‌స్టాఫ్:

పైన చెప్పిన లెక్క బాగుంది. నేను కొన్నేళ్ళు ఇలాంటి ఒక చిన్న స్టేషన్‌లోనే (ఎయిర్‌పోర్ట్‌నే మేం అలా అంటాం) గ్రౌండ్ హ్యాండ్లింగ్‌లో, అంటే చెకిన్, సామాను పనుల్లో, ఉండేవాణ్ణి, కౌంటర్‌కి అవతలి వైపు సంగతులు కొన్ని చెబుతాను.

ముందు ఇది తేల్చుకోండి: రెండు ఫ్లైట్లూ ఒకే పీఎన్ఆర్ మీద ఉన్నాయా, విడివిడిగా కొన్నారా? తతిమ్మాదంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది. ఒకే టికెట్ అయితే మొదటి ఎయిర్‌పోర్ట్‌లోనే రెండు బోర్డింగ్ పాసులు ఇస్తారు, బ్యాగులు చివరి ఊరిదాకా ట్యాగ్ వేసేస్తారు. ఆ ట్యాగ్ మీద పెద్దగా మూడక్షరాల కోడ్ ఉంటుంది, అది మీరు చివరగా దిగే ఊరిదా, మధ్య ఊరిదా అని అక్కడే నిలబడి చూసుకోండి. చిన్న కాగితం ముక్క కదా అని చాలామంది చూడరు, తీరా దిగాక బెల్టు దగ్గర నిలబడాలో వద్దో తెలియక బెల్టు ఖాళీ అయ్యేదాకా చూస్తూ ఉంటారు. విడివిడి టికెట్లయితే మధ్య ఊళ్ళో సామాను తీసుకోవాలి, మళ్ళీ చెకిన్ చెయ్యాలి. చిన్న స్టేషన్‌లో కౌంటర్ రోజంతా తెరిచి ఉండదు, ఫ్లైట్‌కి రెండు మూడు గంటల ముందు తెరుస్తారు. అప్పటిదాకా మీ పెద్ద పెట్టెలు మీ దగ్గరే. క్లోక్‌రూమ్ లాంటిది చిన్న ఎయిర్‌పోర్ట్‌లో ఉంటుందని ఆశపడొద్దు.

అందుకే చేతి బ్యాగులకి నా సలహా ఇది. ఒకే టికెట్ అయితే మొదటి ఎయిర్‌పోర్ట్‌లోనే బరువైన చేతి బ్యాగుల్ని కూడా చెకిన్‌లో ఇచ్చెయ్యండి, బరువు పరిమితి ఉన్నంత వరకు. మందులు, కాగితాలు, ఛార్జర్, పవర్‌బ్యాంక్, నగలూ డబ్బూ ఒక చిన్న సంచిలో పెట్టుకుని భుజాన వేసుకోండి. పవర్‌బ్యాంక్ మాత్రం చెకిన్ బ్యాగులో పెట్టకూడదు, అది చేతిలోనే ఉండాలి. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషిని పక్కన పెట్టుకుని మూడు ట్రాలీ బ్యాగులు ఈడ్చుకుంటూ చెరువు గట్టు చూడటం కన్నా టెర్మినల్‌లో కూర్చోవడమే సుఖం.

ఇక టైము. చాలా ఎయిర్‌లైన్లు డొమెస్టిక్ ఫ్లైట్లకి చెకిన్ 45 నుంచి 60 నిమిషాల ముందు మూసేస్తాయి, గేటు 15 నుంచి 25 నిమిషాల ముందు. మీ టికెట్ మీద ఎంత రాసుందో అదే లెక్క. "చిన్న ఎయిర్‌పోర్టే కదా, ఎవరుంటారు, చూసీచూడనట్టు వదిలేస్తారు" అనుకుంటారు జనం. నిజానికి చిన్న చోటే ఇంకా ఇబ్బంది. ఎందుకంటే అక్కడ మనుషులు తక్కువ. మీకు చెకిన్‌లో బ్యాగు తూచిన కుర్రాడే కౌంటర్ మూసేసి, చొక్కా మీద ఆ నారింజ రంగు జాకెట్ తగిలించుకుని, వెనక తలుపు గుండా రన్‌వే వైపు పరిగెత్తి విమానం దగ్గర నిలబడతాడు. నేను అదే చేసేవాణ్ణి. కౌంటర్ ముందు ఎవరైనా వచ్చి బల్ల కొట్టినా వినపడేది కాదు, నేను అప్పటికి బ్యాగులు లెక్కపెడుతూ ఉండేవాణ్ణి.

ఫ్లైట్ మిస్సయితే ఏమవుతుందని అడిగారు. మొదటి ఫ్లైట్ లేటయి రెండోది పోతే, ఒకే టికెట్ మీద ఉంటే, తర్వాతి దాంట్లో ఎక్కించడం ఎయిర్‌లైన్ బాధ్యత. మీరు ఊళ్ళో తిరుగుతూ మిస్సయితే ఎవరి బాధ్యతా కాదు, నో-షో, అంటే ప్రయాణికుడు రాలేదు, అని రాస్తారు. అదొక్కటే పోదు, అదే టికెట్ మీద తర్వాత ఉన్న ప్రయాణాలు, రిటర్న్‌తో సహా, సాధారణంగా సిస్టమ్‌లో రద్దయిపోతాయి. ఇది తెలియక తిరుగు ప్రయాణం రోజు కౌంటర్‌కి వచ్చి గొడవ పెట్టుకున్నవాళ్ళు నా ముందు ఎంతమందో.

పైగా మీ బ్యాగు లోపల ఉండి మీరు లేకపోతే, విమానం పొట్ట తెరిచి ఆ బ్యాగు వెతికి కిందకి దించాలి. మనిషి ఎక్కకుండా అతని బ్యాగు ఒక్కటే ప్రయాణం చేయడం ఎంత ప్రమాదమో 1985 జూన్‌లో తెలిసింది. ఎయిర్ ఇండియా కనిష్క విమానంలో బాంబు ఉన్న పెట్టెని చెకిన్ చేసినవాడు తను ఎక్కలేదు, 329 మంది పోయారు. అందుకే మిమ్మల్ని మైకులో అన్నిసార్లు పిలుస్తారు. ప్రేమ కాదు అది. మీరు రాకపోతే ఎండలో నిలబడి రెండొందల బ్యాగుల్లో మీది వెతకాల్సినవాడి ఆందోళన.

ఒక మంచి మాట కూడా చెబుతాను. చిన్న ఎయిర్‌పోర్ట్‌కి రోజుకి నాలుగైదు విమానాలే వస్తాయి, చాలావరకు పెద్ద ఊరి నుంచి వచ్చిన విమానమే అరగంట ఆగి జనాన్ని ఎక్కించుకుని పోతుంది. కాబట్టి మీ 4:05 విమానం మధ్యాహ్నం వేళ ఇంకో ఊళ్ళో ఉంటుంది. ఫ్లైట్‌రాడార్24 లాంటి యాప్‌లో ఆ వచ్చే విమానం అక్కడ గాల్లోకి లేచిందో లేదో చూసుకోవచ్చు. అది లేవలేదంటే మీది లేటే, మైకులో చెప్పకముందే మీకు తెలిసిపోతుంది. కానీ అది చూసుకుని ఊళ్ళో ఇంకో గంట కూర్చోకండి. లేటని చెప్పిన ఫ్లైట్ మళ్ళీ ముందుకి జరగొచ్చు, చెకిన్ మూసే టైము మాత్రం చాలాసార్లు పాత టైము ప్రకారమే నడుస్తుంది. మీ ఫోన్ నంబరు టికెట్‌లో సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. ఏజెంట్ దగ్గర కొంటే చాలాసార్లు అందులో ఏజెంట్ నంబరే ఉంటుంది, మెసేజులన్నీ ఆయనకి పోతాయి.

మూల_సీట్లో_నిద్ర:

అందరూ వెళ్ళమనే చెబుతున్నారు, నేను వద్దంటాను. తెల్లవారుజామున లేచి ఫ్లైట్ ఎక్కినవాళ్ళకి ఉదయం 9 గంటలకి కావాల్సింది చెరువు కాదు, కళ్ళు మూసుకోవడానికి ఒక మూల. పెద్దవాళ్ళు పిల్లల సరదా చెడగొట్టడం ఎందుకని నోరెత్తరు, సాయంత్రానికి కాళ్ళు వాచిపోతాయి. నేను లేఓవర్‌లో నిద్రపోతాను, కళ్ళ మీద తువ్వాలు, కాళ్ళ కింద బ్యాగు, ఫోన్‌లో రెండు అలారాలు. ఇప్పటిదాకా ఒక్క ఫ్లైటూ పోలేదు.

ఒకప్పటి_గ్రౌండ్‌స్టాఫ్:

@మూల_సీట్లో_నిద్ర మీ మాట పెద్ద ఎయిర్‌పోర్టులకి సరే. చిన్నచోట ఒక చిక్కుంది. రెండు ఫ్లైట్ల మధ్య ఖాళీ ఎక్కువుంటే సెక్యూరిటీ కూడా ఆపేస్తారు, లోపలి హాల్లోకి పోనివ్వరు. బయటి హాల్లో ఆ చిల్లుల స్టీలు కుర్చీలే గతి, వాటికి మధ్యమధ్యలో చేతులుంటాయి, పడుకోడానికి కుదరదు. కొన్నిచోట్ల ఏసీ కూడా ఫ్లైట్ టైముకే వేస్తారు. ఇంకా చిన్నచోట్లలో మధ్యాహ్నం టెర్మినల్‌కే తాళం వేస్తారు. అందుకే పడుకోవాలనుకున్నా ముందు ఎయిర్‌పోర్ట్‌కి ఫోన్ చేసి మధ్యలో తెరిచి ఉంటుందా అని అడగాలి. నిద్రే ముఖ్యమైతే దగ్గరలో పూటకి గది ఇచ్చే హోటల్ చూసుకోవడం మేలు, పెద్దవాళ్ళు నడుం వాలుస్తారు.

కిటికీ_సీటు:

అందరికీ థ్యాంక్స్. ఒకే పీఎన్ఆర్ అండి, ఇప్పుడే చూశాను. ఫోన్ నంబరు కూడా చూశాను, మీరు చెప్పినట్టే ఏజెంట్‌దే ఉంది! మార్పించాను. సంచి ఐడియా బాగుంది, అమ్మ అప్పుడే ఏ సంచి అని వెతకడం మొదలుపెట్టింది. ట్యాక్సీ సంగతి ఎవరైనా చెప్పండి, యాప్‌లో ఆ ఊరు పెడితే కార్లే కనిపించట్లేదు.

గేటు_పడింది:

ట్యాక్సీ అన్నారు కాబట్టి నా కథ చెబుతాను, నవ్వుకోండి.

ఇలాగే ఒక చిన్న ఊరు, ఆరు గంటల గ్యాప్. ఎయిర్‌పోర్ట్ బయట రెండు మూడు కార్లు నిలబడి ఉన్నాయి, ఒకాయన్ని మాట్లాడుకుని 22 కిలోమీటర్ల దూరంలో ఏదో జలపాతం ఉందంటే బయల్దేరాను. వెళ్ళేటప్పుడు 35 నిమిషాలు, హాయిగా ఉంది. అక్కడ దిగగానే ఆయన "మీరు చూస్తూ ఉండండి, నేను భోంచేసి వస్తా" అన్నాడు. సరే అన్నాను. నంబర్ తీసుకున్నాను కూడా, నేనేం మరీ తెలివితక్కువవాణ్ణి కాదు. కానీ జలపాతం దగ్గర సిగ్నలే లేదు. ఫోన్‌లో ఆయన నంబర్ చూసుకుంటూ, సిగ్నల్ గీత ఒకటొచ్చి పోతుంటే చెయ్యి పైకెత్తి రాళ్ళ మీద తిరిగాను, నీళ్ళ వైపు చూసింది తక్కువ.

ఆయన వచ్చేసరికి అనుకున్నదానికన్నా 40 నిమిషాలు లేటు. పర్లేదు, ఇంకా టైముంది అనుకున్నాం. దార్లో రైల్వే గేటు పడింది. గూడ్స్ బండి వచ్చింది, దాని డబ్బాలు 58 అని నాకు ఇప్పటికీ గుర్తు, ఎందుకంటే ఒక్కోటీ లెక్కపెట్టాను. అది పోయాక గేటు లేస్తుందనుకుంటే లేవలేదు, అటువైపు నుంచి ఇంకోటి వస్తోందట. డ్రైవర్ కారు ఆపేసి దిగి, పక్క లారీ అతనితో కబుర్లు మొదలుపెట్టాడు. మొత్తం 25 నిమిషాలు. నేను టెర్మినల్‌లోకి పరిగెత్తేసరికి గేటు మూసి నాలుగు నిమిషాలైంది, అద్దంలోంచి నా విమానం కనిపిస్తోంది, మెట్లు తీసేస్తున్నారు. తర్వాతి ఫ్లైట్ మర్నాడు ఉదయం. చిన్న ఊళ్ళో ఫ్లైట్ మిస్సవడమంటే ఇదీ, పెద్ద ఊళ్ళోలా రెండు గంటల తర్వాత ఇంకోటి ఉండదు. టికెట్ మళ్ళీ కొన్నాను, రాత్రి లాడ్జిలో పడుకున్నాను.

కాబట్టి నేను ఇప్పుడు ఏం చేస్తానంటే, ట్యాక్సీని రానూపోనూ, వెయిటింగ్‌తో కలిపి మాట్లాడతాను, డబ్బు మొత్తం తిరిగొచ్చాకే ఇస్తాను. ముందే ఇచ్చేస్తే ఆయనకి ఇంకో బేరం తగిలితే మనం గోవిందా. ఫ్లైట్ టైము 4:05 అయితే ఆయనకి 3:15 అని చెబుతాను, చిన్న అబద్ధమే, పాపం లేదు. "దార్లో రైల్వే గేటు ఉందా" అని మాత్రం ముందే అడుగుతాను. చిన్న ఎయిర్‌పోర్ట్‌కి కార్లు ఫ్లైట్ దిగే టైముకే వస్తాయి, మీరు అరగంట లోపల కూర్చుని తీరిగ్గా బయటికొస్తే ఒక్క కారు కూడా ఉండదు, అందరూ జనాన్ని ఎక్కించుకుని వెళ్ళిపోయి ఉంటారు. దిగగానే ముందు కారు మాట్లాడుకోండి, బాత్రూమ్ తర్వాత. యాప్‌లో కార్లు లేకపోవడం మామూలే.

మ్యాప్ ఆఫ్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి. నేను చేసుకోలేదు.

పాత_రన్‌వే:

అడిగినదానికి కాస్త పక్కకి పోతున్నాను, క్షమించాలి. చిన్న ఊళ్ళో ఎయిర్‌పోర్ట్ ఎందుకుందో అని ఎవరూ అడగరు, నాకు అదే పిచ్చి. కొన్నిసార్లు అక్కడ చూడాల్సింది ఊరు కాదు, ఆ ఎయిర్‌పోర్టే.

కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ దీవిలో గాండర్ అనే ఊరుంది. 1938లో ఎయిర్‌పోర్ట్ తెరిచారు, ఊరు దాని చుట్టూ తర్వాత పుట్టింది. అప్పటి విమానాలు అట్లాంటిక్‌ని ఒక్క దూకులో దాటలేకపోయేవి, అందుకని ఇక్కడ దిగి ఇంధనం పోసుకుని వెళ్ళేవి. అక్కడి వీధుల్లో చాలావాటికి పైలట్ల పేర్లే ఉంటాయి. జెట్లు వచ్చి నేరుగా ఎగరడం మొదలయ్యాక ఆ ఊరి అవసరం తగ్గిపోయింది, కానీ అంత పెద్ద రన్‌వే అలాగే ఉంది. 2001 సెప్టెంబర్ 11న అమెరికా ఆకాశం మూసేసినప్పుడు 38 ప్రయాణికుల విమానాల్ని అక్కడ దించారు. సుమారు పది వేల జనాభా ఉన్న ఊళ్ళోకి ఒక్క రోజులో 6,000 మందికి పైగా వచ్చిపడ్డారు. స్కూళ్ళలో, హాళ్ళలో, ఇళ్ళలో పెట్టుకుని చూసుకున్నారు. అంతకన్నా పెద్ద లేఓవర్ నాకు తెలిసి లేదు.

ఐర్లండ్‌లో షానన్‌దీ అదే కథ, సముద్రానికి అవతలి ఒడ్డున. అక్కడ ఇంధనం నింపుతుంటే జనం ఊరికే కూర్చునేవాళ్ళు. ఆ కూర్చున్నవాళ్ళకి ఏదైనా అమ్మితే ఎలా ఉంటుందన్న ఆలోచనతో 1947లో ప్రపంచంలోనే మొదటి డ్యూటీ ఫ్రీ షాపు అక్కడ మొదలైంది. ఇవాళ పెద్ద ఎయిర్‌పోర్టుల్లో మనం తప్పించుకోలేక తిరిగే ఆ అత్తరు షాపులన్నిటికీ మూలం ఒక చిన్న చోట జనానికి తోచకపోవడం!

కిటికీ సీటు గారూ, మీ ఊళ్ళో ఇంత చరిత్ర ఉందో లేదో కానీ, చాలా చిన్న ఎయిర్‌పోర్టుల పక్కన పాత హ్యాంగరో, ఫ్లయింగ్ క్లబ్బో, యుద్ధకాలం నాటి రన్‌వే ముక్కో ఉంటుంది. అడిగితే ఎవరో ఒకరు చెబుతారు. కంచె అవతల నీడలో నిలబడి ఒక విమానం దిగడం చూసినా నాన్నగారికి మెట్లు ఎక్కే పనుండదు. ఫొటోలు మాత్రం అడిగి తియ్యండి, కొన్ని రన్‌వేలు మిలిటరీవి, అక్కడ కెమెరా తీస్తే వేరే రకం లేఓవర్ అవుతుంది.

చక్రాల_సూట్‌కేస్:

పాత_రన్‌వే గారూ, షానన్ సంగతి నాకు తెలియదు, భలే చెప్పారు.

ఇది చదివే వేరేవాళ్ళ కోసం ఒక ముక్క. ఇంటర్నేషనల్ అయితే కథ వేరు. ఎయిర్‌పోర్ట్ దాటి బయటికి రావడమంటే ఆ దేశంలోకి రావడం, వీసా కావాలి లేదా వీసా అక్కర్లేని పాస్‌పోర్ట్ ఉండాలి. అమెరికాలో అయితే బయటికి రాకపోయినా అంతే, కనెక్షన్ ఫ్లైట్ కోసం దిగినా ఇమిగ్రేషన్ దాటాల్సిందే. ఇంకోటి, ఇంటర్నేషనల్ టికెట్ల మీద మామూలుగా 24 గంటల లోపు ఆగితే లేఓవర్ అంటారు, దాటితే స్టాపోవర్, అప్పుడు ఛార్జీ లెక్క మారొచ్చు. అందుకే 23 గంటల కనెక్షన్లు కావాలని వెతికి కొనేవాళ్ళుంటారు. నేనూ వాళ్ళలో ఒకణ్ణి.

కిటికీ_సీటు:

వెళ్ళొచ్చాం. చెప్పకపోతే బాగోదని రాస్తున్నా.

దిగగానే కారు మాట్లాడాను, బాత్రూమ్ తర్వాత (గేటు_పడింది గారికి దండం). ఆ కాఫీ కౌంటర్‌కి నిజంగానే షట్టర్ వేసే ఉంది. డ్రైవర్‌కి 3:15 ఫ్లైట్ అని చెప్పాను, ఆయన నన్ను ఎగాదిగా చూసి "మధ్యాహ్నం ఉన్నది నాలుగింటి ఫ్లైట్ ఒక్కటే సార్" అన్నాడు. చిన్న ఊళ్ళో అబద్ధాలు కూడా చెల్లవు. రైల్వే గేటు లేదన్నాడు, లేదు కూడా.

ఒక్కటే చోటు, చెరువు. ఎయిర్‌పోర్ట్ నుంచి 18 నిమిషాలు. ఒడ్డున సిమెంటు బెంచీలు, వాటి మీద ఎవరెవరి జ్ఞాపకార్థమో పేర్లు. నాన్న ఒక బెంచీ మీద కూర్చుని చెప్పులు విడిచి కాళ్ళు ఇసుకలో పెట్టుకున్నారు. నేను పక్కన పడుకుని గంట నిద్రపోయాను, మూల_సీట్లో_నిద్ర గారి మాట కూడా నెగ్గినట్టే. లేచేసరికి అమ్మ ఎవరో ఇద్దరు ఆడవాళ్ళతో మాట్లాడుతోంది, ఒకావిడ కొడుకు ఏం చదివాడో అప్పటికే తెలుసుకుంది. మధ్యలో వాన పట్టింది, చెట్టు కింద నిలబడ్డాం, ఇరవై నిమిషాల్లో ఆగింది. 1:45కి బయల్దేరాం, 2:05కల్లా టెర్మినల్‌లో ఉన్నాం, మా డ్రైవర్ అయితే మమ్మల్ని తొందరపెట్టి మరీ తీసుకొచ్చాడు. లోపలికి 2:40 దాకా పోనివ్వలేదు, ఆ స్టీలు కుర్చీలు మీరు చెప్పినట్టే ఉన్నాయి.

సెక్యూరిటీ దగ్గర నాన్న చెప్పులు విప్పమన్నారు. ట్రేలో పెడితే ఇసుకంతా రాలింది. అక్కడున్న అమ్మాయి ట్రే వంచి దులిపి, తలెత్తకుండానే "చెరువు దగ్గర వాన పడిందా అండీ?" అని అడిగింది.